ఆవిరక్క లావెండర్ మొలిపించిన వైనం

ఆసుపత్రి అన్నాక డాక్టర్లుంటారు, నర్సులుంటారు, రోగులుంటారు, రోగులకన్నా ఎక్కువగా వాళ్ళ బంధువులుంటారు. వీళ్ళెవరి కంటా పడకుండా నేలమాళిగలో, నడవా చివర, ఎప్పుడూ మూసే ఉండే తలుపు వెనక ఒక గది ఉంటుంది. పైన ఆపరేషన్లలో వాడిన కత్తులూ, కత్తెరలూ, గుడ్డలూ ఆ గదికి దిగి వస్తాయి. కడిగించుకుని, తుడిపించుకుని, మూటలు కట్టించుకుని, పెద్ద ఉక్కు యంత్రంలో ఆవిరి స్నానం చేసి, గత జన్మ వాసనలేవీ లేకుండా మళ్ళీ పైకి పోతాయి. ఆ గదికి సర్వాధికారిణి ఆవిరక్క. అసలు పేరు జీతాల గుమాస్తాకి తెలుసు. తక్కిన ఆసుపత్రికంతటికీ ఆమె ఆవిరక్కే.

ప్రతి మూటకీ ఒక టేపు అంటిస్తారు. లోపల తగినంత వేడి తగిలితే ఆ టేపు మీద నల్లటి గీతలు తేలతాయి. ఆవిరక్క రాజ్యాంగం మొత్తం ఆ గీతల్లో ఉంది.

"ఉడికే ఉంటుందిలే అక్కా, ఇంతసేపు పెట్టాం కదా" అనేది కొత్తగా చేరిన పిల్ల.

"గీతలు పడ్డాయా?"

"కొంచెం పడ్డట్టే ఉన్నాయి."

"కొంచెం పడ్డట్టే ఉన్న మూటతో నీ కడుపు కోయించుకుంటావా?"

పిల్ల మూటని మళ్ళీ యంత్రంలో పెట్టేది. పని నేర్చుకోవడం అంటే ఆ గదిలో అంతే.

ఒకసారి ఆవిరక్క చేతిలోంచే ఒక మూట జారి నేలమీద పడింది. గదిలో ఇంకెవరూ లేరు. పడ్డ సంగతి నేలకి తెలుసు, ఆవిరక్కకి తెలుసు. ఆమె మూటని విప్పి, మొదటి నుంచీ మళ్ళీ కడిగి, మళ్ళీ కట్టి, మళ్ళీ ఉడికించి, ఆలస్యమైనందుకు పైవాళ్ళ చేత మాట కూడా పడింది. పడేసింది ఆవిరక్క కదా అని నేల మినహాయింపు ఇవ్వదని ఆమె నమ్మకం.

నిజానికి ఆమె చేరింది వార్డులో పనికి. అక్కడ ఇమడలేకపోయింది. రోగి మూలిగితే ముందు ఈమెకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఈమె కళ్ళు తుడుచుకోవడం చూసి బయట బంధువులు గొల్లుమనేవారు. తీరా చూస్తే రోగికి పిప్పి పన్ను. ఇలాంటివి రెండు మూడు జరిగాక పెద్దలు ఆలోచించి, ఇనుము మూలగదు కాబట్టి, ఆమెని కిందికి పంపించారు. అప్పట్నుంచీ ఆవిరక్క ఒక్క రోగిని కూడా తాకలేదు. ఆమె పని వల్ల బతికి బట్టకట్టినవాళ్ళు ఎందరో, వాళ్ళలో ఒక్కరికీ అలాంటి గది ఒకటుందని తెలియదు. దానికి ఆమెకేం బాధ లేదు. బాధ ఉన్నది ఇంట్లో, కిటికీ పక్కన, పేము కుర్చీలో.

ఆ కుర్చీలో అత్తగారు ఉంటారు.

వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల వాటా. ఎదురు భవనం కాస్త తలపొగరుగా లేచి నిలబడటం వల్ల ఇంట్లోకి ఎండ వచ్చే కిటికీ ఒక్కటే, ముందుగదిలోది. దాన్ని ఆనుకుని ఆ పేము కుర్చీ. ఇల్లు కడిగినా కుర్చీ చుట్టూ కడగాల్సిందే తప్ప దాన్ని జరిపిన చరిత్ర లేదు. అత్తగారికి చూపు బాగా తగ్గింది. వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. ఆవిరక్క భర్తకి కళ్ళజోళ్ళ దుకాణంలో పని. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసి ముక్కు మీద పెట్టిన మనిషి, కన్నతల్లికి పనికొచ్చే అద్దం మాత్రం ఎక్కడా లేదని తెలిసి లోలోపల కుమిలిపోయేవాడు. ఆవిడకి అలాంటిదేం లేదు. ముక్కుతో సంసారం నడిపేసేది. తలుపు తెరుచుకోగానే, వచ్చింది కొడుకైతే "వచ్చావా నాన్నా" అనేది. కోడలైతే గాలి ఒకసారి పీల్చి, "ఆసుపత్రి వచ్చింది" అనేది.

అంతవరకూ నవ్వుకోవచ్చు. ఇంకో మాట ఉంది. వెనకెప్పుడో ఆవిరక్క కుండీలో పుదీనా వేసి, ఆకులకి మట్టి అంటిందని సబ్బునీళ్ళతో కడిగింది. పుదీనా పోయింది. తర్వాత మనీప్లాంటు తెచ్చింది. మనీప్లాంటు ఎవరి చేతిలోనైనా బతుకుతుంది. దాన్ని చంపాలంటే ప్రత్యేకంగా చదువుకోవాలి. ఆవిరక్క దాని ఆకుల్ని స్పిరిటుతో తుడిచింది. ఆ కుండీని బయటికి తీసుకుపోతుంటే అత్తగారు అంది: "క్రిముల్ని చంపీ చంపీ ఆ చేతికి అదే అలవాటైందే అమ్మాయ్. ఆ చేతిలో ఏదీ బతకదు."

అత్తగారు ఆ మాట అని మర్చిపోయి ఉండొచ్చు. ఆవిరక్క మర్చిపోలేదు. ఇంటికొచ్చే బస్సులో సీటు దొరికితే, ఒళ్ళో పెట్టుకున్న రెండు చేతుల్నీ చూసుకునేది. వేడినీళ్ళకి తెల్లబారి, మడతలు పడి, ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, అవి ఏ ప్రాణినీ ఎరిగినట్టు లేవు.

ఇలా ఉండగా హెడ్ నర్సు ఎక్కడికో ప్రయాణం వెళ్ళి, తెలిసినవాళ్ళందరికీ తలా ఒక చిన్న గుడ్డసంచీ తెచ్చింది. లోపల ఎండిన లావెండర్ పూలు. బట్టల మధ్య పెట్టుకుంటే వాసన బాగుంటుందట. ఆవిరక్క కృతజ్ఞతలు చెప్పి, సంచీని గది గుమ్మం బయట మేకుకి తగిలించింది. ఉడికించని వస్తువుకి లోపల ప్రవేశం లేదు, ప్రేమతో ఇచ్చిందైనా సరే. సాయంత్రం దాన్ని చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది.

తలుపు తెరిస్తే అత్తగారు, "ఎవరు?" అంది.

"నేనే అత్తయ్యా."

"నువ్వా? ఇవాళ మనిషి వాసన వస్తున్నావే."

సంచీ అత్తగారి దిండు కిందికి చేరింది. ఆవిడ దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా కాసేపు కూర్చునేది. ఇంట్లో శాంతి నెలకొంది. కానీ ఎండిన పువ్వు ఎన్నాళ్ళని ఊడిగం చేస్తుంది? వాసన తగ్గింది. ఆ తర్వాత పోయింది. ఇంటాయన, అంటే ఆవిరక్క భర్త, మొక్క కోసం ఊళ్ళో నర్సరీలన్నీ తిరిగి, "మొక్క లేదట, విత్తనాలే ఉన్నాయట" అంటూ ఒక పొట్లం తెచ్చాడు.

"విత్తనాలా? ఎవరి చేత్తో వేయిస్తావురా?" అంది తల్లి.

ఆయన ఏదో అనబోయేలోగా ఆవిరక్క, "నా చేత్తోనే" అంది.



"సరే, వెయ్యి" అంది అత్తగారు. "అది మొలిచి, బతికి, నా ముక్కుకి వాసన తగిలిననాడు ఈ కుర్చీ ఇక్కణ్ణుంచి తీసేస్తా. కిటికీ దానికే ఇచ్చేస్తా."

 ఇంటి చరిత్రలో అంత పెద్ద భూభాగాన్ని ఎవరూ పందెం కాయలేదు.

ఆవిరక్క పొట్లం వెనకున్నదంతా చదివింది. ఇది ఇంట్లోనే ట్రేలో మొలకెత్తించాల్సిన విత్తనం. ముందు కొన్ని వారాలు చల్లదనంలో ఉంచాలి. మట్టి శుభ్రంగా ఉండాలి, లేకపోతే బూజు పట్టి మొలకలు చస్తాయి. మట్టి శుభ్రంగా ఉండాలన్న ముక్క దగ్గర ఆమె కళ్ళు మెరిశాయి. తక్కినవి మెల్లిగా చూసుకోవచ్చు. ఇది తన డిపార్టుమెంటు.

ఆదివారం పాత కుక్కరు దించింది.

"ఇవాళ వంటేంటి?" అన్నాడు ఇంటాయన పేపర్లోంచి.

"మట్టి."

ఆయన పేపరు దించి చూశాడు. నిజంగానే మట్టి. గుడ్డలో మూటకట్టి, మధ్యలో ఒక బంగాళదుంప గుచ్చి, ఆవిరి మీద పెడుతోంది. ఇంటి దగ్గర గీతలు పడే టేపు లేదు, ఆసుపత్రి టేపు ఇంటికి తేవడం ఆమె ఒంటికి పడదు. అందుకని దుంప. దుంప ఉడికితే మట్టి ఉడికినట్టు. ఆయన ఆ ఏర్పాటుకి ముచ్చటపడి మళ్ళీ పేపర్లోకి వెళ్ళాడు.

కుక్కరు చల్లారాక మూట విప్పింది. దుంప వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది. మట్టి అమృతంలా ఉంది. పక్కనే చెంచా, సన్నమొనల పట్టకారు, అన్నీ తళతళలాడుతున్నాయి.

"మరి విత్తనాలేవీ?" అన్నాడాయన.

"సెట్టులోనే ఉన్నాయండీ" అని ఉడికిన మూటలోంచే ఒక చిన్న కాగితం పొట్లం తీసి చూపించింది.

ఆమె వృత్తిలో ఒక ఆపరేషన్‌కి కావలసినవన్నీ ఒకే మూటలో వెళ్ళాలి. కత్తి నుంచి దూది దాకా ఏదీ బయట మిగలకూడదు. ఆ ధర్మాన్ని ఆమె చేతులు ఆమెని అడక్కుండానే పాటించేశాయి. కిటికీ దగ్గర్నుంచి ఒక నిదానమైన గొంతు వినిపించింది.

"దుంప ఉడికిందా?"

"ఉడికింది అత్తయ్యా."

"మెత్తగానా?"

"మెత్తగానే."

"అయితే విత్తనాలు కూడా చక్కగా ఉడికుంటాయి. కాస్త ఉప్పేసి పెట్టు."

అత్తగారు నవ్వి నవ్వి పొలమారితే, మంచినీళ్ళు ఇచ్చింది కూడా ఆవిరక్కే.

అదృష్టవశాత్తూ, ఏ సరుకూ ఒక్కసారే వాడేయకూడదన్నది కూడా ఆ వృత్తిలో ధర్మమే. పొట్లంలో సగం విత్తనాలు ఆమె విడిగా తీసి ఉంచింది. ఈసారి వాటిని తడి కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పాల పక్కన ఉంచింది.

"ఎందుకలా?" అంది అత్తగారు.

"చలికాలం వచ్చి వెళ్ళిపోయిందని దానికి అనిపించాలట."

"అంటే మోసమేగా. నీలాంటిది కూడా మోసం చేస్తుందన్నమాట."

ఇంట్లో పుట్టించిన ఆ చలికాలం పూర్తయ్యాక నాటడం మొదలైంది. ఇక్కడ ఆవిరక్కకి అసలు పరీక్ష. లావెండర్ విత్తనం ఆవగింజకన్నా చిన్నది. దాన్ని మట్టి మీద అలా ఉంచి వదిలెయ్యాలి, పైన మట్టి కప్పకూడదు, వెలుగు తగలాలి. పట్టకారుతో ఒక్కో గింజనీ ఆపరేషన్ చేస్తున్నంత ఒడుపుగా పెట్టింది. పెట్టాక కప్పకుండా వదలడానికి చేతులు రాలేదు. ఒక జీవితకాలం ప్రతి వస్తువునీ కప్పిన చేతులవి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడి, చివరికి ట్రే మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి, తడి ఆరకుండా అని తనకి తాను నచ్చజెప్పుకుంది. మొలక వచ్చేదాకా అది ఉండొచ్చని పొట్లం మీద కూడా ఉంది.

వెలుగు కావాలి. వెలుగంతా కుర్చీ దగ్గరుంది.

"కాస్త జరుగుతారా అత్తయ్యా?"

"మొలిచి బతికితే జరుగుతానన్నాను. ముందే జరిగితే నా మాటకి విలువేముంది?"

"వెలుగు లేకపోతే మొలవదు కదా."

"అది దాని బాధ."

ఇంటాయన తల్లినీ భార్యనీ మార్చి మార్చి చూసి, దుకాణానికి ఆలస్యమవుతోందన్నాడు. ఆ రోజు సెలవు. ఎవరూ ఆ సంగతి గుర్తుచెయ్యలేదు.

కాసేపటికి అత్తగారే అంది. "కుర్చీ కదలదు. ఒళ్ళో చోటుంది, కావాలంటే వాడుకో."

అలా ఒడంబడిక కుదిరింది. కుర్చీ చేతుల మీద అడ్డంగా ఒక చెక్క, చెక్క మీద ట్రే, ట్రే వెనక అత్తగారు. చూసేవాళ్ళకి ఏదో ఆఫీసులో ఫిర్యాదులు పుచ్చుకునే అధికారిలా ఉండేది. ఆవిరక్క పనికి వెళ్ళేముందు ట్రే అడుగున పళ్ళెంలో నీళ్ళు పోసి, మట్టి తనంతట తాను తాగేలా పెట్టి వెళ్ళేది. వచ్చాక చూసేది. ఏమీ ఉండేది కాదు. మర్నాడూ ఏమీ ఉండేది కాదు.

"మీ ఆఫీసులో అర్జీలేమైనా వచ్చాయా అమ్మా?" అనేవాడు కొడుకు.

"పరిశీలనలో ఉన్నాయిరా."

ఒక ఉదయం ఆయన దుకాణం నుంచి తెచ్చిన భూతద్దం కంటికి పెట్టుకుని, ట్రే మీదికి వంగి, చాలాసేపు లేవలేదు. తర్వాత భూతద్దం భార్యకిచ్చాడు. సూదిమొన మీద నిలబెట్టదగ్గంత పచ్చదనం, ఒకచోట. ఇంకోచోట. ఆవిరక్క వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చేతులు కడుక్కుంది. సంతోషం వచ్చినా దుఃఖం వచ్చినా ఆమెకి ముందు వచ్చేది అదే.

మొలకలు ఒక్కసారిగా రాలేదు. తోచినప్పుడు ఒకటి, వీలైనప్పుడు ఒకటి వచ్చాయి. ప్లాస్టిక్ కాగితం తీసేసింది. కుర్చీ సంగతి ఇంటాయన ఎత్తబోతే, "మొలవడం వేరు, బతకడం వేరు" అని తల్లి కొట్టిపారేసింది.

ఒకరోజు ఆవిరక్క కాస్త ముందుగా ఇంటికొచ్చింది. అత్తగారు ట్రే మీద అరచెయ్యి ఆన్చి, మొలకల తలల మీదుగా మెల్లిగా అటూ ఇటూ నిమురుతోంది.

"చెయ్యి కడుక్కున్నారా?" ఆ గొంతు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆసుపత్రిలో విన్నారు.

"చూస్తున్నానంతే."

"చూడటమంటే అదా?"

"మరి నేను దేంతో చూడాలే?"

 ఏమీ తోచనప్పుడు మనిషి చేతికి అలవాటైన పని చేస్తాడు. ఆవిరక్క ప్లాస్టిక్ కాగితం తెచ్చి, ట్రేని కప్పి, చుట్టూ అంచులు బిగించి, "ఎవరూ ముట్టుకోకండి" అంది. అత్తగారు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ జోకులు వెయ్యలేదు.

కాగితం లోపల చెమట పట్టింది. చెమట బొట్లు కట్టింది. ఒక సాయంత్రం ఆవిరక్క వచ్చి చూస్తే మొలకలు పడిపోయి ఉన్నాయి. మొదళ్ళ దగ్గర సన్నగా నల్లబడి, ఒకదాని మీద ఒకటి, మొక్కిన భక్తుల్లా. మట్టి మీద తెల్లటి నూగు. ఆ నూగు ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. జన్మంతా దేనితో యుద్ధం చేసిందో అదే, ఆమె స్వయంగా బిగించిన మూత కింద, హాయిగా కాపురం పెట్టింది.

ఆమె నేలమీద కూర్చుండిపోయింది.

"మీరన్నదే నిజం అత్తయ్యా. నా చేతిలో ఏదీ బతకదు."

ఇన్నేళ్ళుగా ఆ మాట మీద నెగ్గుతూ వచ్చిన మనిషి, ఇవాళ పూర్తిగా నెగ్గేసి, ఆ గెలుపుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు సర్దుకుంది.

"అన్నీ పోయాయా?"

ఆవిరక్క కాగితం తీసి చూసింది. అన్నీ పోలేదు. ఒక నాలుగైదు నిలబడి ఉన్నాయి. పొట్టిగా, మొదలు దిట్టంగా. చిత్రమేమిటంటే అన్నీ ఒకే వైపు, అత్తగారి వైపు అంచులో. ఆ అంచున కాగితం బిగువు వదిలి ఉంది. మూటలు కట్టీ విప్పీ తలపండిన మనిషికి, ఏది తనంతట వదులైందో, ఏది ఒకరు వదులు చేశారో తెలియదా?

"ఈ అంచు ఎవరు లేపారు?"

"నాకేం తెలుసే. నాకు కళ్ళు కనపడవు."

"రోజూ లేపి నిమిరారా?"

"వాటికి ఊపిరాడొద్దూ? ఆ కాగితం చూస్తే నాకే ఆడలేదు."

ఆవిరక్క నిలబడ్డ మొలకల వంక, ఆ ముడతల చేతి వంక చూసింది. గాలి తగిలినవి బతికాయి. చెయ్యి తగిలినవి గట్టిపడ్డాయి. ఇంతకన్నా స్పష్టంగా ఏ టేపు మీదా గీతలు పడవు. గీతలు పడ్డాక ఆవిరక్క వాదించదు. ఆమెని మెచ్చుకోవడానికి ఇంకేమీ లేకపోయినా ఇదొక్కటి చాలు: ఒక జీవితం నమ్మిన పద్ధతిని ఆమె ఆ సాయంత్రం, అలా కూర్చునే, పక్కన పెట్టింది. ప్లాస్టిక్ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసింది. లేచి కిటికీ రెక్క తెరిచింది.

"రేపట్నుంచి మీరే నిమరండి" అంది.

"కడుక్కుంటాలే చెయ్యి. ఎలాగో చూపించు."

చూపించింది. సర్జన్లు కడుక్కునే పద్ధతిలో, గోళ్ళ సందుల నుంచి మోచేతుల దాకా. అప్పట్నుంచీ రోజూ ఉదయం అత్తగారు కడిగిన చేతులు రెండూ పైకెత్తి పట్టుకుని, దేన్నీ తాకకుండా వంటింట్లోంచి కుర్చీ దాకా నడిచి వచ్చేది. "తలుపు తియ్యరా, థియేటర్‌కి పోవాలి" అని కొడుకుని అదిలించేది. ఆయన అడ్డం తప్పుకునేవాడు.

మొలకలు మొక్కలయ్యాయి. ట్రేలోంచి చిన్న కుండీల్లోకి, అందులో నిలిచిన మూడూ పెద్ద కుండీలోకి మారాయి. ఆకులు బూడిద కలిసిన పచ్చరంగు తిరిగాయి. పువ్వు ఇంకా దూరం. పువ్వు సంగతి ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఒక సాయంత్రం ఆవిరక్క పని నుంచి వచ్చి తలుపు తెరిచి, వేరే ఇంట్లోకి వచ్చాననుకుంది. కిటికీ దగ్గర కుర్చీ లేదు. కుండీ ఒక్కటే పడమటి ఎండలో నిలబడి ఉంది. కుర్చీ గది అవతలి మూల, నీడలో, చెప్పుల స్టాండు పక్కన. అందులో అత్తగారు, సర్వం ధారపోసిన మహారాణిలా.

"ఇదేంటి అత్తయ్యా?"

"మధ్యాహ్నం ఆకు నలిపి చూశా. తగిలింది వాసన. మాటంటే మాటే. భోజనానికొచ్చిన నా కొడుకు చేత జరిపించా."

ఆవిరక్క కుండీ దగ్గరికి వెళ్ళి, కొమ్మ కొసనున్న ఆకు ఒకటి వేళ్ళతో నలిపి, వచ్చి అత్తగారి ముందు చెయ్యి చాపింది. ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు తూకం వేసింది.

"పైన లావెండర్" అంది చివరికి. "అడుగున ఆసుపత్రి. ఫరవాలేదు, రెండూ ఉండనీ."

చెయ్యి మాత్రం వదల్లేదు. ఆవిరక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదృష్టవశాత్తూ గొల్లుమనడానికి బయట బంధువులెవరూ లేరు. కాసేపయ్యాక చెయ్యి విడిపించుకుని, కుర్చీని అత్తగారితో సహా వెనక నుంచి పట్టుకుని, నేలమీద గీరుకుంటూ కిటికీ వైపు లాగడం మొదలెట్టింది.

"ఏయ్, ఏంటే ఇది? పందెం ఓడిపోయాను నేను."

"ఓడిపోయారు, ఒప్పుకున్నా. కిటికీ దానిదే. మీరు ఇంత దూరంలో కూర్చుంటే దాన్ని నిమిరేదెవరు?"

అత్తగారు ఆలోచించింది. న్యాయంగానే అనిపించింది. కుర్చీ పాతచోటుకి ఒక జానెడు ఇవతల ఆగింది. ఆ జానెడూ కుండీకి. ఆవిడ చెయ్యి చాపి, ఆకుల దాకా వచ్చి, ఏదో గుర్తొచ్చి గాల్లోనే ఆపేసింది.

"కడుక్కోలేదే. లేచి కడుక్కు రానా?"

ఆవిరక్క ఆ చేతి వంక చూసింది. గోళ్ళ కింద మట్టి ఉంది.

"వద్దులెండి" అంది.